పదహారు పడి ఆగిన యంత్రం

ఖమ్మం చుట్టుపక్కల గ్రానైట్ యూనిట్లలో రాయి కోసే కంప్యూటర్ మిషన్ పని మధ్యలో ఆగిందంటే ముందు ప్యానెల్ తలుపు తీస్తారు. లోపల మోటారును నడిపే లావుపాటి పుస్తకమంత సర్వో డ్రైవ్, దాని ముఖాన ఎర్రగా వెలిగే రెండు మూడు అంకెలు. "అన్నా, పదహారు పడ్డది" అని ఆపరేటర్ మెకానిక్కు ఫోన్ కొడతాడు. పని తెలిసిన మెకానిక్ అయితే తిరిగి అడిగే మొదటి మాట ఒకటే: "డ్రైవ్ ఏ కంపెనీది?"

ఆ మాట అడక్కుండా బండెక్కితే వెంట తెచ్చుకునే సామాను కూడా తప్పుతుంది. పానాసోనిక్ మినాస్ డ్రైవ్‌లో 16 అంటే ఓవర్‌లోడ్. మోటారు తన శక్తికి మించి చాలాసేపు లాగింది. మిత్సుబిషి ఎంఆర్-జె4లో అదే 16 పడితే, స్విచ్ వేయగానే మోటారు వెనకుండి ఇరుసు స్థానం చెప్పే ఎన్‌కోడర్‌తో మాట కలవలేదని. డెల్టా ఏ2లో అయితే డ్రైవ్ లోపలి పవర్ ట్రాన్సిస్టర్లు వేడెక్కాయని. మొదటిదానికి గైడ్ పట్టాల మీద గట్టిపడ్డ రాతి బురద గీకాల్సి రావచ్చు, రెండోదానికి కేబుల్ మార్చాల్సి రావచ్చు, మూడోదానికి ప్యానెల్లో తిరగడం మానేసిన ఇరవై నాలుగు వోల్టుల ఫ్యాను మారిస్తే సరిపోవచ్చు. అంకె ఒకటే, జబ్బులు మూడు.

ఖమ్మం దగ్గరే ఉన్న బోనకల్ పేరు చెబితే మాత్రం ఇదంతా గుర్తుకు రాదు. కాజీపేట–విజయవాడ రైలు మార్గం మీద ఖమ్మానికీ మధిరకూ నడుమ ఉన్న మండల కేంద్రం అది. సాగర్ ఎడమ కాలువ నీళ్లు, మిరప కల్లాలు, పత్తి, మొక్కజొన్న, ఇవే అక్కడి రోజువారీ మాటలు. కానీ సర్వో మోటారు ఇలాంటి ఊళ్లలోకి ఎప్పుడో వచ్చేసింది, ఆ పేరు చెప్పకుండానే. బ్లౌజులు కుట్టే పవర్ మిషన్ బల్ల కింద తొక్కితేనే తిరిగి, వదలగానే సూది పైకెత్తి ఆగే చిన్న మోటారు సర్వోనే. కారప్పొడి ప్యాకెట్లు కట్టే మిషన్‌లో ప్లాస్టిక్ రోల్‌ను ప్రతిసారీ ఒకే పొడవున లాగేది కూడా చాలాచోట్ల అదే. ఇక ఖమ్మం గ్రానైట్ యూనిట్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. భద్రాచలం దగ్గర సారపాకలో 1979లో ఉత్పత్తి మొదలుపెట్టి, ఇప్పుడు ఐటీసీ చేతిలో ఉన్న పేపర్ మిల్లు లాంటి చోట్ల వాడే పెద్ద డ్రైవ్‌లు ఇదే కుటుంబానికి చెందినవి. కాగితం యంత్రంలో ఒక్కో విభాగాన్ని ఒక్కో మోటారు తిప్పుతుంది. పక్కపక్క విభాగాల వేగం కుదరకపోతే కాగితం తెగుతుంది. పెద్దదైనా చిన్నదైనా ప్రతి డ్రైవ్‌కూ తన గోడు చెప్పుకోవడానికి కొన్ని కోడ్‌లు ఉంటాయి.

బోరు మోటారుకు ఇలాంటి గోడు లేదు. స్టార్టర్ నొక్కితే తిరుగుతుంది, ఎన్ని చుట్లు తిరిగిందో దానికీ తెలియదు, రైతుకూ అక్కర్లేదు. సర్వోలో మోటారు తోక భాగాన ఎన్‌కోడర్ అనే పరికరం కూర్చుని ఉంటుంది. ఇరుసు ఎక్కడుందో ఎప్పటికప్పుడు డ్రైవ్‌కు చెప్పడమే దాని పని. 17 బిట్ల ఎన్‌కోడర్ ఒక్క చుట్టును 1,31,072 ముక్కలు చేసి లెక్కిస్తుంది. మిషన్‌లోని బాల్ స్క్రూ ఒక చుట్టుకు పది మిల్లీమీటర్లు జరుగుతుందనుకుంటే, ఒక్క ముక్క అంటే మైక్రానులో పదమూడో వంతు. ఇనుము, బేరింగులు, రాతి దుమ్ము కలిసిన చోట అంత సూక్ష్మంగా కోయడం ఎటూ కుదరదు కానీ, డ్రైవ్‌కు మాత్రం అంత సూక్ష్మంగా కనబడుతుంది. ఇప్పుడు 22 బిట్లు, 24 బిట్లవి కూడా వస్తున్నాయి. 24 బిట్లంటే చుట్టుకు 1,67,77,216 ముక్కలు.

డ్రైవ్ మూడు లెక్కలు ఒకదానిలో ఒకటిగా వేసుకుంటుంది. ఎక్కడ ఉండాలి, ఎక్కడ ఉన్నాను? ఆ తేడా తీరాలంటే ఎంత వేగం కావాలి? ఆ వేగం రావాలంటే తీగల్లో ఎంత కరెంటు పంపాలి? లోపలి కరెంటు లెక్క సెకనుకు వేల సార్లు జరుగుతుంది. ఈ లెక్కల్లో ఏదో ఒకటి గీత దాటినప్పుడు డ్రైవ్ మోటారుకు కరెంటు ఆపేసి ఒక అంకె చూపిస్తుంది. ఎర్రర్ కోడ్ అంటే అంతే.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. డ్రైవ్‌కు తెలిసే సంగతులు బహు కొద్ది: లోపలి డీసీ వోల్టేజి, మోటారు తీగల్లో కరెంటు, ఎన్‌కోడర్ చెప్పే స్థానం, తన వేడి, బయటి స్విచ్‌ల నుంచి వచ్చే నాలుగైదు సిగ్నళ్లు. బ్లేడుకు రాయి అడ్డుపడిందో, బేరింగ్ పోయిందో, ఎలుక కేబుల్ కొరికిందో దానికి కనబడదు. కాలువ చివరి రైతుకు తన మడికి నీళ్లు రాలేదనే తెలుస్తుంది. పైన తూము మూసారా, గండి పడిందా, ఎవరైనా మోటారు పెట్టి తోడారా అన్నది ఒడ్డు వెంట నడుచుకుంటూ వెళ్తేనే తేలుతుంది. డ్రైవ్ చెప్పే సాక్ష్యం కూడా అలాంటిదే. అది నిజమే చెబుతుంది, తను నిలబడ్డ చోటు నుంచి కనిపించినంత మేరకు. కోడ్‌ను కారణం అనుకుని సామాను మార్చేవాళ్లు డబ్బులు పోగొట్టుకునేది అందుకే.

ఓవర్‌వోల్టేజి కోడ్‌నే తీసుకుందాం. మిత్సుబిషిలో 33, డెల్టాలో 2, పానాసోనిక్‌లో 12, యస్కావాలో 400. ఇది పడగానే చాలామంది లైన్లో వోల్టేజి ఎక్కువైందని స్టెబిలైజర్ కోసం పరుగెత్తుతారు. నిజానికి ఎక్కువసార్లు ఆ వోల్టేజిని పుట్టించేది బయటి లైను కాదు, ఆ మోటారే.

ఎలాగో కొంచెం లెక్క వేసి చూడాలి. వచ్చే ఏసీ కరెంటును డ్రైవ్ ముందు డీసీగా మార్చి కెపాసిటర్లలో నింపుకుంటుంది. 230 వోల్టుల ఏసీ అక్కడ 325 వోల్టుల డీసీ అవుతుంది. 200 వోల్టుల తరగతి డ్రైవ్‌లలో ఆ డీసీ సుమారు 400 దాటితే అలారం. ఇప్పుడు రాయి కోసే మిషన్ మీది వంతెన లాంటి దూలం బరువు 500 కిలోలు, సెకనుకు అర మీటరు వేగంతో పోతోంది అనుకుందాం. దానిలో 62.5 జౌళ్ల శక్తి ఉంటుంది. ఆపమని ఆజ్ఞ రాగానే మోటారు జనరేటర్‌గా మారిపోయి ఆ శక్తిని వెనక్కి, డ్రైవ్‌లోకి తోస్తుంది. లోపల 1000 మైక్రోఫారడ్ల కెపాసిటర్ ఉంటే 325 నుంచి 400 వోల్టులకు చేరేలోపు అది మింగగలిగేది 27 జౌళ్లే. ఘర్షణలో, తీగల్లో కొంత పోయినా, మిగతాదానికి వేరే దారి కావాలి. ఆ దారి పేరే రీజనరేటివ్ రెసిస్టర్. అదనపు శక్తిని వేడి చేసి పారేయడం దాని పని.

అర్ధరాత్రి ఊళ్లో వాడకం తగ్గి లైను 250 వోల్టులకు ఎక్కిందనుకోండి. డీసీ 354 దగ్గర మొదలవుతుంది. ఖాళీ 17.5 జౌళ్లకు పడిపోతుంది. మిషన్ అదే, ప్రోగ్రాం అదే, రాయి అదే. పగలంతా బాగా నడిచి రాత్రి షిఫ్టులో దూలం ఆగే చోట ఆగిపోతుంది. పగలు బాగున్న డ్రైవ్‌కు రాత్రి దయ్యం పట్టిందని షెడ్డులో అనుకుంటే ఆశ్చర్యం లేదు.

ఇందులో మరో ముచ్చట ఉంది. సర్వోల్లో పేరున్న కంపెనీలు చాలావరకు జపాన్‌వి. జపాన్ కర్మాగారాల్లో మూడు ఫేజుల లైను 200 వోల్టులే. అక్కడ డీసీ 283 దగ్గర మొదలవుతుంది, అదే కెపాసిటర్‌లో 40 జౌళ్ల ఖాళీ మిగులుతుంది. మన 230 వోల్టులూ ఆ డ్రైవ్‌లకు అనుమతి ఉన్న హద్దులోనే ఉంటాయి, కాకపోతే తలపైన చోటు తక్కువ. మన మిషన్లలో రెసిస్టర్ మీద భారం ఎక్కువ పడటానికి ఇదొక కారణం. మూడు ఫేజుల 415 వోల్టులను పొరపాటున ఈ తరగతి డ్రైవ్‌కు కలిపితే మాత్రం కోడ్ చూపించే ఓపిక కూడా దానికి ఉండదు. పొగే వస్తుంది.

కాబట్టి వేగం తగ్గేటప్పుడు ఓవర్‌వోల్టేజి పడితే మొదట చూడాల్సింది రెసిస్టర్. చాలా డ్రైవ్‌లలో లోపలి రెసిస్టర్ పనిచేయాలంటే రెండు టెర్మినళ్ల మధ్య ఒక చిన్న లింకు తీగ ఉండాలి. పాత డ్రైవ్ విప్పి కొత్తది బిగించేటప్పుడు ఆ లింకు పాత పెట్టెతోపాటు చెత్తలోకి పోతుంది. కొత్త డ్రైవ్ కూడా అదే కోడ్ చూపిస్తుంది. బోనకల్ స్టేషన్ మీదుగా పోయే రైళ్లలో డబ్ల్యూఏపీ-7 లాంటి మూడు ఫేజుల ఇంజన్లకు ఇలా శక్తిని వేడి చేసి పారేసే బాధ లేదు. బ్రేకు వేసినప్పుడు పుట్టిన కరెంటును అవి పైనున్న 25 వేల వోల్టుల తీగలోకే తిరిగి పంపేస్తాయి. చిన్న సర్వోలో అంత ఏర్పాటు పెడితే ఖర్చు గిట్టదు, అందుకే వేడి చేసి వదిలేస్తారు.

తక్కువ వోల్టేజి కథ దీనికి అద్దంలో బొమ్మ. మిత్సుబిషిలో 10, డెల్టాలో 3, పానాసోనిక్‌లో 13, యస్కావాలో 410. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇస్తున్నారు. అప్పట్లోనే రైతులను ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వం పదేపదే అడిగింది. భూగర్భ జలం గురించిన దిగులు ఒక కారణమైతే, లైను మీద పడే భారం ఇంకొకటి. మామూలు మోటారు మొదలయ్యేటప్పుడు నడిచే కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది. పోయిన కరెంటు తిరిగి రాగానే ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీదున్న మోటార్లన్నీ ఒక్కసారిగా లేస్తే ఆ కొద్ది సెకన్లు వోల్టేజి కుంగిపోతుంది. ఇంట్లో బల్బు కొంచెం ఎర్రబడుతుంది, అంతే. సర్వో డ్రైవ్ కెపాసిటర్లలోని నిల్వ మాత్రం సెకనులో చిన్న భాగానికే సరిపోతుంది. అది అయిపోగానే అలారం. మల్టీమీటరు పట్టుకుని మెకానిక్ వచ్చేసరికి లైను నిక్షేపంగా ఉంటుంది. మీటరు అబద్ధం చెప్పలేదు, కోడ్ కూడా చెప్పలేదు.

ఓవర్‌లోడ్ విషయంలో డ్రైవ్ గడియారం పట్టుకుని కూర్చుంటుంది. సర్వో మోటారు కొద్ది సెకన్లపాటు తన మామూలు బలానికి మూడు రెట్లు చూపగలదు. వేడి మాత్రం కరెంటు వర్గంతో పెరుగుతుంది: కరెంటు ఒకటిన్నర రెట్లయితే వేడి రెండుంబావు రెట్లు. ఎంత కరెంటు ఎంతసేపు పోయిందో డ్రైవ్ మనసులో కూడుకుంటూ పోయి, తీగల చుట్ల మీది పూత కాలేలోపు ఆపేస్తుంది. కాబట్టి ఓవర్‌లోడ్ పడ్డప్పుడు వెంటనే రీసెట్ కొట్టి మళ్లీ నడిపి, మళ్లీ రీసెట్ కొట్టడమంటే ఆ కూడికను చెరిపేసి, మోటారు వేడిని అలాగే ఉంచడం. స్విచ్ ఆపి వేస్తే లెక్క సున్నా అయ్యే డ్రైవ్‌లు ఉన్నాయి. రాగి చుట్టకు ఆ సున్నా తెలియదు. మోటారు కాలిపోయే కేసుల్లో చాలావాటి వెనక ఈ రీసెట్ వేలే ఉంటుందని ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు.

నిలువుగా ఎక్కి దిగే అక్షంలో ఓవర్‌లోడ్ పడితే ఇంకో అనుమానం ముందు రావాలి. బ్లేడు తల కరెంటు పోయినప్పుడు కిందికి జారకుండా మోటారులోనే బ్రేకు ఉంటుంది. 24 వోల్టులు అందితేనే అది వదులుతుంది. ఆ చిన్న రిలే పాడైతే మోటారు బ్రేకుతో కుస్తీ పడుతూ తిరుగుతుంది. డ్రైవ్‌కు బ్రేకు కనబడదు. దానికి తెలిసింది బరువే.

ఇక్కడ మన ఎలక్ట్రీషియన్ల అలవాటు ఒకటి చెప్పాలి. బోరు మోటారు తలకిందులుగా తిరిగితే మూడు తీగల్లో ఏ రెండింటినో మార్చి బిగిస్తారు. తిప్పు సరిపోతుంది. మిరప తోటకు నీళ్లు పెట్టే ప్రతి రైతుకూ తెలిసిన విద్య ఇది. సర్వో దగ్గర ఈ విద్య బెడిసికొడుతుంది. డ్రైవ్ ఎన్‌కోడర్ చెప్పిన స్థానాన్ని బట్టి ఏ తీగలో ఎప్పుడు కరెంటు పంపాలో లెక్కగడుతుంది. రెండు తీగలు తారుమారైతే ముందుకు తోద్దామనుకున్న బలం ఇంకెటో పోతుంది. మోటారు వణుకుతుంది, లేదా ఒక్క కుదుపుతో పక్కకు లాగుతుంది, ఓవర్‌లోడో స్థానభేదం ఎక్కువైందనో కోడ్ పడుతుంది. స్థానభేదానికి డెల్టాలో 9, పానాసోనిక్‌లో 24, మిత్సుబిషిలో 52. కేబుల్ కొత్తగా వేసిన రోజే ఇవి పడితే మోటారును అనుమానించేముందు యు, వి, డబ్ల్యూ తీగల వరస చూడాలి. తిప్పు మార్చాలంటే డ్రైవ్‌లో ఒక పారామీటర్ మార్చాలి, స్క్రూడ్రైవర్ పని కాదు.

ఎన్‌కోడర్ కోడ్‌ల మీద ఒక పుస్తకమే రాయొచ్చు. గ్రానైట్ యూనిట్లో నీళ్లు, రాతి బురద ఎప్పుడూ ఎగురుతూనే ఉంటాయి. ఆ బురద కనెక్టర్లోకి దూరితే ఎన్‌కోడర్ సిగ్నళ్లు గందరగోళమవుతాయి. దూలంతోపాటు కదిలే కేబుల్ గొలుసులో తీగ లక్షల సార్లు వంగి లోపల తెగుతుంది, పైన తొడుగు చెక్కుచెదరదు. అప్పుడు మిషన్ ఒక చోట మాత్రమే, దూలం ఫలానా మూలకు చేరినప్పుడల్లా ఆగుతుంది. ఆ "ఫలానా మూల" అన్నది కోడ్‌లో ఉండదు. ఆపరేటర్ బుర్రలో ఉంటుంది. మెకానిక్ అడిగితేనే బయటికి వస్తుంది.

చౌకలో తీరాల్సింది ఖరీదైపోయేది బ్యాటరీ కోడ్. కరెంటు పోయినా ఇరుసు ఎన్ని చుట్ల మీద ఉందో గుర్తుంచుకునే ఎన్‌కోడర్‌లకు చాలావాటిలో 3.6 వోల్టుల లిథియం బ్యాటరీ ఆధారం. అది నీరసించగానే డ్రైవ్ ముందు హెచ్చరిక ఇస్తుంది. మిషన్ ఆగదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. తర్వాత ఏదో ఒక పండగ సెలవులకు మెయిన్ ఆపుతారు. తిరిగి వేసేసరికి మిత్సుబిషిలో 25, యస్కావాలో 810, పానాసోనిక్‌లో 40: స్థానం మర్చిపోయాను అని. అప్పటి నుంచి హోమ్ స్థానం మళ్లీ కుదిర్చేదాకా మిషన్ ఇనుప ముద్దే. కుదిర్చే మనిషి హైదరాబాద్ నుంచి రావాలంటే రోజులు పడతాయి. దీనిలో ఒక కిటుకు ఉంది, మాన్యువళ్లలో రాసే ఉంటుంది: బ్యాటరీని డ్రైవ్‌కు కంట్రోల్ కరెంటు ఉండగానే మార్చాలి. భద్రత కోసమని మొత్తం ఆపేసి మార్చినవాడు ఆ జ్ఞాపకాన్ని తన చేతులతోనే తుడిచేస్తాడు.

మిగతా పనులకు మాత్రం ఆపే తీరాలి. ఆపినా వెంటనే చేయి పెట్టకూడదు. కెపాసిటర్లలో 300 వోల్టులు నిలిచే ఉంటాయి. పది పదిహేను నిమిషాలు గడిచి, ఛార్జ్ దీపం ఆరిపోయాకే తీగలు ముట్టుకోవాలని డ్రైవ్ మీద అతికించిన చీటీలోనే ఉంటుంది. ఓవర్‌కరెంటు కోడ్ పడ్డప్పుడు ఈ ఓపిక ఇంకా అవసరం. మోటారు తీగలు మూడూ డ్రైవ్ నుంచి విప్పి, మళ్లీ స్విచ్ వేసి ఆజ్ఞ ఇస్తారు. అప్పుడూ ఓవర్‌కరెంటే పడితే డ్రైవ్ లోపలి ట్రాన్సిస్టర్లు పోయినట్టు. పడకపోతే తప్పు కేబుల్లోనో మోటారులోనో ఉంది, ఇన్సులేషన్ పరీక్షించే మెగ్గర్ పెట్టి చూడాలి. మెగ్గర్ పెట్టేటప్పుడు తీగలు డ్రైవ్ నుంచి విప్పే ఉండాలి. 500 వోల్టుల మెగ్గర్‌ను డ్రైవ్‌తో కలిపి తిప్పితే బాగున్న డ్రైవ్ కూడా పాడైపోతుంది.

కోడ్ నిజం చెప్పినా కారణం చెప్పదనడానికి లోకం మొత్తం చూసిన ఉదాహరణ 1969 జులై 20న జరిగింది. అపోలో 11 చంద్రుడి మీదికి దిగుతుండగా, దిగే నౌక ఈగిల్‌లోని కంప్యూటర్ 1202 అని అలారం చూపింది. ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్‌లకు ఆ అంకె అర్థం తెలియదు. హ్యూస్టన్‌లో జాక్ గార్మన్ అనే 24 ఏళ్ల ఇంజనీరు దగ్గర చేత్తో రాసుకున్న అలారాల పట్టిక ఉంది. కొద్ది రోజుల ముందు ఒక రిహార్సల్‌లో ఇలాంటి అలారం వల్లే దిగడం ఆపేశారు, అది అనవసరంగా ఆపడమని తేలాక కోడ్‌లన్నీ రాసిపెట్టుకోమని అందరికీ చెప్పారు. ఆ పట్టిక చూసి గార్మన్, అక్కడి గైడెన్స్ అధికారి స్టీవ్ బేల్స్ దిగవచ్చన్నారు. 1202 చెప్పింది ఒకటే: కంప్యూటర్‌కు చేతికి మించిన పని వచ్చి పడింది, ముఖ్యమైనవి ఉంచుకుని మిగతావి వదిలేస్తున్నాను.

అంత పని ఎక్కడ్నుంచి వచ్చిందో తర్వాత తేలింది. ఆ దిగుడుకు అవసరమే లేని ఇంకో రాడార్ యాంటెన్నా కోణాన్ని కొలిచే రిజాల్వర్లు, కంప్యూటర్, వేర్వేరు 800 హెర్ట్జ్ సరఫరాల మీద ఉన్నాయి. ఫ్రీక్వెన్సీ ఒకటే, ఫేజు కలవలేదు. కదలని యాంటెన్నా ఊగిసలాడుతున్నట్టు లెక్క రావడంతో, ఆ లెక్కను పెంచడానికి, తగ్గించడానికే కంప్యూటర్ సమయంలో సుమారు 13 శాతం పోయింది. ఇప్పటికీ వేడి, దుమ్ము ఎక్కువున్న చోట సర్వో మోటార్ల వెనక ఎన్‌కోడర్ బదులు వాడేది ఆ రిజాల్వర్‌నే.

అందుకే అనుభవం ఉన్నవాళ్లు కోడ్ పక్కన ఇంకో సంగతి రాసుకుంటారు: అది పడిన క్షణం. ఓవర్‌కరెంటు స్విచ్ వేయగానే పడితే ఒక దారి, వేగం ఎక్కేటప్పుడు పడితే ఇంకో దారి. ఓవర్‌లోడ్ పొద్దున్నే మొదటి కోతకు పడితే గ్రీజు గట్టిపడిందేమో, మధ్యాహ్నం మూడింటికి పడితే రేకుల షెడ్డు కింద ఎండాకాలం ప్యానెల్ ఉడికిపోతోందేమో. డ్రైవ్‌లు చాలావరకు 55 డిగ్రీల లోపు గాలిలోనే నడవాలని తయారీదారులు చెబుతారు. ఖమ్మం, కొత్తగూడెం ఎండలు 45 దగ్గరికి పోతాయి, మూసిన ఇనుప పెట్టెలో ఇంకో పది డిగ్రీలు చేరడానికి ఎంతసేపు?

డ్రైవ్‌లో పాత అలారాల జాబితా కూడా ఉంటుంది. డెల్టా ఏ2లో చివరి ఐదు, యస్కావాలో పది. మెకానిక్ వచ్చేలోపు పదిసార్లు ఆపి వేస్తే ఆ జాబితా నిండా తక్కువ వోల్టేజి కోడ్‌లు చేరే డ్రైవ్‌లు ఉన్నాయి. స్విచ్ ఆపిన ప్రతిసారీ, ఆరిపోయే ముందు డ్రైవ్ దాన్నే చూస్తుంది మరి. అసలు కోడ్ కిందికి తోసుకుపోయి జాబితాలోంచే పడిపోతుంది. ప్యానెల్ తెరిచిన వెంటనే ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోవడం ఖర్చు లేని పని. ఫొటో ఎందుకంటే, ఆ ఏడు గీతల దీపాల మీద 5కూ ఎస్‌కూ తేడా ఉండదు, 8కీ పెద్దబడి బికీ తేడా ఉండదు. బి, డి అక్షరాలను చిన్నబడిలో చూపించేది ఈ ఇబ్బంది వల్లే. ఆ చిన్నబడి బిని ఫోన్లో "ఆరు" అని చదివి వినిపించినవాళ్లకు కొదవ లేదు.

టైలర్ బల్ల కింది సర్వో దగ్గర ఇదంతా చిన్న రూపంలో కనిపిస్తుంది. పాత క్లచ్ మోటారు కుట్టినా కుట్టకపోయినా హోరుమని తిరుగుతూనే ఉండేది. ఇప్పటిది తొక్కితేనే కరెంటు తాగుతుంది. ఎక్కువగా కనిపించే ఒక రకం చైనా కంట్రోల్ బాక్సుల్లో ఇ1, ఇ2 వోల్టేజికి, ఇ5 పెడల్ తీగకు, ఇ7 మోటారు బిగుసుకుపోయిందనడానికి. ఇ7 పడితే బోర్డు పోయిందని బెంబేలెత్తనక్కర్లేదు. స్విచ్ ఆపి, చేతి చక్రాన్ని వేళ్లతో తిప్పి చూడాలి. తిరగకపోతే షటిల్ కింద దారం చిక్కుబడి ఉంటుంది, ట్వీజర్‌తో లాగితే వస్తుంది. ఇ17 ఇంకా తమాషా. మిషన్ తలను వెనక్కి వాల్చి నూనె వేసి, సరిగ్గా కూర్చోబెట్టకపోతే పడుతుంది. తల లేచి ఉండగా సూది కదలకూడదని పెట్టిన చిన్న స్విచ్ అది.

ఇలాంటి పనులు నేర్పే చోట్లు ఇప్పుడిప్పుడే దగ్గరికొస్తున్నాయి. రాష్ట్రంలోని 65 ప్రభుత్వ ఐటీఐలను అధునాతన సాంకేతిక కేంద్రాలుగా మార్చే పనికి 2024 జూన్‌లో హైదరాబాద్ మల్లేపల్లిలో శంకుస్థాపన జరిగింది. టాటా టెక్నాలజీస్‌తో కలిసి చేపట్టిన ఈ ప్రాజెక్టు ఖర్చు 2,324 కోట్ల రూపాయలు. ఇండస్ట్రియల్ రోబోటిక్స్, సీఎన్‌సీ మెషినింగ్, ఎలక్ట్రిక్ వాహనాల మెకానిక్ అందులోని కోర్సులు. మూడింటిలోనూ ఎన్‌కోడరో రిజాల్వరో ఉన్న మోటారు, దాన్ని నడిపే డ్రైవ్ తప్పవు. పాఠంలో కోడ్‌ల పట్టిక బట్టీ పట్టిస్తారా, లేక మోటారు తీగ విప్పి, బ్రేకు రిలే తీసేసి, లింకు దాచిపెట్టి, కోడ్ చూపించి కారణం వెతకమంటారా అన్నదాన్ని బట్టి ఆ కుర్రాళ్ల పనితనం ఉంటుంది. రెండోదానికి పెద్ద ఖర్చు లేదు.

వాళ్లకు మొదటి రోజే చూపించదగ్గ కోడ్ ఒకటి ఉంది. డెల్టాలో 13, మిత్సుబిషిలో ఇ6. ఎమర్జెన్సీ స్టాప్ సిగ్నల్ వచ్చిందని దాని అర్థం. కొన్నిసార్లు ఆ తీగ తెగి ఉంటుంది. చాలాసార్లు మిషన్ అవతలి చివర ఎవరి మోచెయ్యో తగిలి ఎర్ర బటన్ లోపలికి నొక్కుకుని ఉంటుంది. కుడివైపుకు కొంచెం తిప్పితే అది పైకి వస్తుంది.